ఉప్పునీటినుండి మెగ్నీషియము: కొల్లేటిసీమ ముందున్న ప్రశ్నము

సముద్రజలము ఘనమీటరునకు సుమారు 1.3 కిలోగ్రాముల మెగ్నీషియమును తనలో కరగించుకొనియున్నదనియు, నౌపడ మొదలు ఇస్కపల్లి వరకు మన తీరమందలి ఉప్పుమళ్ళలో రైతులు ఆ నీటిని ఏటేట ఎండగట్టి ఉప్పును మాత్రము గైకొని, మెగ్నీషియముతో నిండిన చేదునీటిని మరల కాలువలలోనికే విడుచుచున్నారనియు ఎరిగినవానికి, ఈ లోహమును మనమేల తీసికొనరాదను ప్రశ్నము కలుగుట సహజము. ఈ ప్రశ్నము క్రొత్తది కాదు. ఒకప్పు డిది దేశరక్షణకు సంబంధించిన విషయముగా చర్చింపబడినది. పిమ్మట ఉప్పు పరిశ్రమకు ఉపోత్పత్తుల ఆదాయమును చేకూర్చు ఉపాయముగా చర్చింపబడినది. నేడు చైనా దిగుమతులపై ఆధారపడుటనుండి విముక్తి మార్గముగా చర్చింపబడుచున్నది. ఒక్కొక్క దశయందు క్రొత్తవాదము వచ్చి చేరినదేగాని పాతవాదమునకు సమాధానము చెప్పబడలేదు. అందుచే రసాయనశాస్త్రము, విద్యుత్తు ధర, పర్యావరణము, వాణిజ్యనీతి అను నాలుగు విషయములును ఒకదానితో నొకటి చిక్కువడి, ఏ పక్షమువారు ఏ ప్రశ్నమునకు జవాబు చెప్పుచున్నారో తెలియరాని స్థితి యేర్పడినది.

ఈ చర్చ కొల్లేటిసీమకు ప్రత్యేకముగా సంబంధించుటకు కారణములు కలవు. ఉత్తరమున మెట్టప్రాంతమందలి గౌరీపట్నమున మెగ్నీషియము లోహమునకై ఒక కర్మాగారము వెలసినది. గోదావరి ఒడ్డునున్న కొవ్వూరునందును, సగ్గొండయందును ఉప్పునీటిని విద్యుత్తుచే విశ్లేషించు పరిశ్రమ చిరకాలముగా నడచుచున్నది. దక్షిణమున బందరు తీరపు ఉప్పుమళ్ళు కలవు. ఈ మూడింటి నడుమ, కొల్లేటికోట పెద్దింట్లమ్మ సన్నిధిని చుట్టుకొని, కొల్లేరను మంచినీటి సరస్సొకటి బ్రతుకుటకు పెనగులాడుచున్నది.

ప్రశ్నము పుట్టి పెరిగిన తీరు

మెగ్నీషియమును 1808లో హంఫ్రీ డేవీ మొదట వేరుపరచెను. 1833లో మైకేల్ ఫారడే, కరగిన మెగ్నీషియము క్లోరైడునందు విద్యుత్తును ప్రవహింపజేసి లోహమును రాబట్టెను. 1852లో బున్సెన్ అందుకు తగిన విద్యుద్ఘటమును నిర్మించెను. 1886లో జర్మనీయందు కార్నలైటు అను పొటాషియము మెగ్నీషియముల జంటలవణమునుండి వాణిజ్యోత్పత్తి మొదలాయెను. అప్పటికి అందరును నేలలో ఘనీభవించిన లవణములపైననే దృష్టి నిలిపిరి.

ఆ దృష్టిని సముద్రమువైపు మరల్చినది రెండవ ప్రపంచయుద్ధము. అమెరికాలో డౌ సంస్థ అంతకుముందే మిషిగన్ రాష్ట్రమందలి భూగర్భ లవణజలమునుండి మెగ్నీషియమును తీయుచుండెను. 1941 జనవరిలో టెక్సాసు తీరమున ఫ్రీపోర్టువద్ద నేరుగా సముద్రజలమునుండి లోహమును తీసెను. పారిశ్రామికముగా సముద్రమునుండి ఒక లోహమును పొందుట లోకమున అదియే ప్రథమము. విమానముల చక్రములకును, ఇంజను పెట్టెలకును, దహనబాంబులకును నాడు ఈ లోహము అత్యవసరమై యుండెను.

ఫ్రీపోర్టు పద్ధతి మనకు ముఖ్యము. మన తీరమునకై నేటివరకు చెప్పబడు ప్రతిపాదనలన్నియు దానికి రూపాంతరములే. గాల్వెస్టన్ అఖాతమునుండి తవ్వితీసిన ఆలుచిప్పలను కాల్చి సున్నముచేసి, ఆ సున్నమును సముద్రజలమున కలిపినచో మెగ్నీషియము హైడ్రాక్సైడు తెల్లని మడ్డియై అడుగున పేరుకొనును. దానిని వడగట్టి, హైడ్రోక్లోరిక్ ఆమ్లముతో క్లోరైడుగా మార్చి, ఆరబెట్టి, కరగించి, విద్యుద్విశ్లేషణము చేయుదురు. లోహము ఒక ధ్రువమువద్దను, క్లోరిన్ వాయువు మరియొక ధ్రువమువద్దను వెలువడును. ఆ క్లోరిన్ తిరిగి ఆమ్లమై క్రొత్తమడ్డిని కరగించుటకు వచ్చును. కాగితముమీద ఇంతకంటె చక్కని వలయము కానరాదు.

అయినను ఆ కర్మాగారము 1998లో మూతవడినది. నార్వేలో హెరోయావద్ద 1951లో ఆరంభమైన నార్స్క్ హైడ్రో ఉత్పత్తి 2002లో నిలిచిపోయినది. కెనడాలో అదే సంస్థ నిర్మించిన బెకాంకూర్ కర్మాగారము 2007లో ఆగినది. వీటిలో ఒక్కటియు ముడిపదార్థము లేక మూతవడలేదు. 1990ల నుండి చైనా లోహము విపణిని ముంచెత్తుటయు, విద్యుత్తు, కూలి, నిర్వహణ వ్యయములు ఆ ధరకు సరితూగకపోవుటయు ప్రధానకారణములు. సముద్రము అక్షయమైనదను మాట సత్యమే. కాని లోహపు ధరలో ముడినీటి పాలు అత్యల్పమగుటచే, ఆ అక్షయత్వము ఏ కర్మాగారమును కాపాడలేకపోయినది.

మన యత్నములు

భారతదేశమున ఈ శాస్త్రమునకు రెండు కేంద్రములు. భావనగరమందలి కేంద్ర లవణ, సముద్ర రసాయన పరిశోధనాసంస్థ చేదునీటినుండి లవణములను వేరుచేయు విద్యను వృద్ధిచేసినది. కారైక్కుడియందలి కేంద్ర విద్యుద్రసాయన పరిశోధనాసంస్థ లోహమును తీయు ఘటములపై దశాబ్దములు శ్రమించినది. తమిళనాట రామనాథపురము తీరమున వాలినోక్కమువద్ద ఉప్పుమళ్ళ చేదునీటినే ఆధారముగా జేసికొని మెగ్నీషియము కర్మాగారము వెలసినది. తెలుగునాట పూర్వపు పశ్చిమగోదావరి మెట్టయందు గౌరీపట్నమున సదరన్ మెగ్నీషియం అండ్ కెమికల్స్ కర్మాగారము నెలకొన్నది. రెండును వందల టన్నుల స్థాయివి. ఫ్రీపోర్టు, యూటా, మృతసముద్రతీరము మున్నగుచోట్ల వెలసినవి పదివేల టన్నుల లెక్కవి.

నేడు దేశమునకు కావలసిన మెగ్నీషియము దాదాపంతయు దిగుమతియే, అందు సింహభాగము చైనానుండియే. ఈ స్థితినిబట్టి కొందరు మన శాస్త్రజ్ఞులు విఫలులైరని అందురు. ఆ తీర్పు న్యాయము కాదు. నార్స్క్ హైడ్రో వంటి సంస్థకు, చౌకైన జలవిద్యుత్తు గల నార్వేయందు అసాధ్యమైనది, వందల టన్నుల చిన్న కర్మాగారమునకు మన విద్యుత్తు ధరలతో సాధ్యపడకపోవుట ఆశ్చర్యము కాదు. ఆ యత్నములు ఘటము నడుపు నేర్పును మన దేశమున నాటినవి. విపణిలో నిలుచు బలము నీయుట వాటి చేతిలోని పని కాకపోయెను.

చేదునీటి చిక్కు

సముద్రజలమునుండియే లోహమును తీయవలెనను సముద్రపక్షపు వాదమంతయు ఇక్కడనే పరీక్షకు నిలుచుచున్నది గనుక దీనిని కొంత విస్తరించి చెప్పవలసియున్నది.

ఉప్పురైతు సముద్రజలమును మడినుండి మడికి నడపుచు బామె మాపకముతో గాఢతను చూచుకొనును. 25 డిగ్రీల దగ్గర ఉప్పు పేరుకొనుట మొదలగును. 29 డిగ్రీలు దాటినచో మెగ్నీషియము లవణములు ఉప్పుతో కలసి దానిని చేదుచేయునని మిగిలిన నీటిని వదలివేయుదురు. ఒక టన్ను ఉప్పునకు దాదాపొక ఘనమీటరు చేదునీరు మిగులును. ఇందు మెగ్నీషియము సముద్రజలమునందుకంటె ఎన్నోరెట్లు చిక్కనైయుండును. కనుక సముద్రమును తోడి సున్నముతో మడ్డిగట్టించుటకంటె, సూర్యుడు ఉచితముగా చిక్కబరచి యిచ్చిన ఈ నీటిని వాడుట మేలని సముద్రపక్షమువారందురు. ఇంతవరకు వారిమాట నిర్వివాదము.

వివాదము దాని తరువాతి మెట్టునందు ఉన్నది. విద్యుద్ఘటమునకు నీటిచుక్కలేని క్లోరైడు కావలెను. మెగ్నీషియము క్లోరైడు పేరుకొనునపుడు ఒక్కొక్క అణువుతో ఆరు నీటియణువులను వెంటబెట్టుకొని వచ్చును. ఆ స్ఫటికమున సగముకంటె ఎక్కువబరువు నీరే, లోహము నూటికి పండ్రెండుపాళ్ళు మాత్రమే. అంతకు ముందుగా, ఆ స్ఫటికమును పొందుటయే మన తీరమున కష్టము. మెగ్నీషియము క్లోరైడు సంతృప్తద్రావణము, గాలిలోని సాపేక్ష ఆర్ద్రత సుమారు 33 శాతమునకు మించినచో, ఎండుటకు మారుగా గాలిలోని తేమనే తనలోనికి లాగుకొనును. పడమటిగాలి వీచు కొన్ని వేసవిదినములు తప్ప, మన తీరమున గాలితేమ అంతకు చాల మీదనే యుండును. లోకమున లవణజలమునుండి మెగ్నీషియమును తీయు పెద్దకర్మాగారములు ఎక్కడ వెలసినవో చూచినచో ఈ సంగతి స్పష్టమగును: యూటా రాష్ట్రపు మహాలవణసరస్సు, ఇశ్రాయేలు దేశమందలి మృతసముద్రము, చైనాలో చింగ్‌హాయ్ రాష్ట్రపు చార్హన్ సరస్సు. మూడును ఎడారులే. మనదేశమున సైతము మెగ్నీషియము క్లోరైడు పరిశ్రమ చిరకాలముగా వేళ్ళూనినది సముద్రతీరమున గాక గుజరాతునందలి చిన్నరణమున, ఖారాఘోడావద్దనే. తుపానులు, ఈశాన్య ఋతుపవనము గల ఆంధ్రతీరమున చేదునీటిని చివరివరకు ఎండబెట్టు పని సూర్యునిచేత కాదు. బొగ్గో, వాయువో, విద్యుత్తో కావలెను. అపుడు "ఉచితమైన సూర్యుడు" అను వాదము సగమునకు సగము కరగిపోవును.

స్ఫటికము చేతికి వచ్చినను కథ ముగియదు. ఆరు నీటియణువులలో నాలుగు వేడిమికి సులభముగా తొలగిపోవును. చివరి రెండును తొలగించునపుడు నీరు లవణమునే చీల్చి హైడ్రోక్లోరిక్ ఆమ్లముగా వెలువడి, వెనుక ఆక్సైడు కలిసిన మలినమును మిగిల్చును. ఈ ఒక్క మెట్టును దాటుటకు నూరేండ్లలో నాలుగు మార్గములు తొక్కబడినవి. డౌ సంస్థ కొంతనీటిని లవణమునందే ఉండనిచ్చి, ఘటములోని గ్రాఫైటు ధ్రువములు అరగిపోవుట అను నష్టమును భరించెను. నార్వేవారు హైడ్రోక్లోరిక్ ఆమ్లవాయువు నడుమ ఆరబెట్టి, పూర్తిగా నిర్జలమైన క్లోరైడును సాధించిరి. శుద్ధతయందు అది అన్నింటికి మిన్న, యంత్రవ్యయమునందును మిన్నయే. జర్మనులు ఆక్సైడును బొగ్గుతో కలిపి క్లోరిన్ వాయువునందు కాల్చి, నీటి సమస్యను ముందే తప్పించుకొనిరి. మృతసముద్రమువద్దను, రష్యాలో సోలికామ్స్క్‌వద్దను పొటాషియముతో జంటగూడిన కార్నలైటును వాడుదురు. అందు నీటిపట్టు కొంత సడలియుండును. మన చేదునీటియందు పొటాషియము కొద్దిపాటిదే, సల్ఫేటు అధికము. కనుక ఈ నాలుగవమార్గము మనకు సులభముగా దొరకదు. సల్ఫేటును ముందుగా కాల్షియము క్లోరైడుతో జిప్సముగా విడదీయవలెను.

ఇవిగాక బోరాన్ అను సూక్ష్మశత్రువు కలదు. సముద్రజలమున అత్యల్పముగా నుండు ఈ మూలకము చేదునీటియందు చిక్కబడి, ఘటములో పుట్టిన లోహపు బొట్లు ఒకదానితో నొకటి కలిసి ముద్దయగుటకు అడ్డుపడును. దానిని తొలగించుటకు మడ్డిని మంచినీటితో పలుమారులు కడుగవలెను. మంచినీరన్నచో డెల్టాయందు ఎవరివాటా తగ్గించుటయో చెప్పవలసివచ్చును.

ఇక విద్యుత్తు. ఘటమునకు మాత్రమే కిలోగ్రాము లోహమునకు 13 మొదలు 18 యూనిట్లు పట్టును. 15 యూనిట్లని, యూనిట్టు ఏడు రూపాయలని లెక్కించినను, ఆరబెట్టు ఖర్చు లేకుండగనే కిలోకు 105 రూపాయలు విద్యుత్తు చార్జి యగును. ఏటికి పదివేల టన్నుల కర్మాగారము 15 కోట్ల యూనిట్లను, రేయింబవళ్ళు ఆగకుండ, వినియోగించును. ఆగకుండ అను మాట ఇక్కడ ముఖ్యము. ఘటము చల్లారినచో లోపలి లవణము గడ్డకట్టి ఘటమే పాడగును. పగటి సౌరవిద్యుత్తు ఒక్కదానిపై ఆధారపడి దీనిని నడుపుట సాధ్యము కాదు.

శిలాపక్షము

సముద్రమును విడిచి రాతిని పట్టుడని చెప్పు పక్షము ఒకటి కలదు. 1940ల తొలినాళ్ళలో కెనడాశాస్త్రజ్ఞుడు లాయిడ్ పిడ్జన్ రూపొందించిన పద్ధతియందు కాల్చిన డోలమైటును ఫెర్రోసిలికానుతో కలిపి, ఉక్కు గొట్టములలో గాలిని తోడివేసి, సుమారు 1200 డిగ్రీలవద్ద వేడిచేసినచో మెగ్నీషియము ఆవిరియై చల్లని కొనయందు పేరుకొనును. నీరు లేదు, క్లోరిన్ లేదు, మహావిద్యుద్ఘటము లేదు. చిన్న పెట్టుబడితో ఆరంభించి, గొట్టములను పెంచుకొనుచు పోవచ్చును. చైనావారు షాన్సీ రాష్ట్రమందలి ఫుగూ ప్రాంతమున, కోకుబట్టీల వ్యర్థవాయువుతో ఈ కొలుములను రగిల్చి, నేడు లోకపు ప్రాథమికోత్పత్తిలో నూటికి ఎనుబదికిపైగా తమచేతిలో నుంచుకొనియున్నారు.

తెలుగుదేశమున డోలమైటునకు కొదువలేదు. ఖమ్మంజిల్లా మాదారమున విశాఖ ఉక్కు కర్మాగారమునకే గని కలదు. అందుచే శిలాపక్షపువారు, సముద్రమువైపు చూచుట దూరపుకొండల నునుపును నమ్ముటవంటిదని వాదింతురు. కాని వారి లెక్కలోను మూడు లోపములు కలవు. టన్ను లోహమునకు పదిటన్నుల డోలమైటును, సుమారు టన్ను ఫెర్రోసిలికానును పట్టును. ఆ ఫెర్రోసిలికాను స్వయముగ విద్యుత్తును మ్రింగునదే. బొగ్గు ఆధారముగా నడిచినచో టన్నుకు ఇరువది టన్నులకు పైబడి బొగ్గుపులుసువాయువు వెలువడును. గొట్టములను కొలిమినుండి తీసి శుభ్రపరచి మరల నింపు పని మహోష్ణము నడుమ మనుష్యుల చేతులమీద జరుగునది. చైనాధర చౌకయగుటకు కారణములలో ఈ శ్రమయు, ఈ పొగయు ఉన్నవన్నది మరువరాదు.

2021 సెప్టెంబరులో చైనా విద్యుత్తు పొదుపునకై ఫుగూ కొలుములను ఆపించినపుడు, కొద్దివారములలోనే ధర మూడింతలకు మించెను. ఐరోపా అల్యూమినియము పరిశ్రమ గజగజలాడినది. చౌకపై ఆధారపడుట యెంత ప్రమాదమో లోకమునకు తెలిసినది అప్పుడే. ఐరోపా సంఘమును, అమెరికాయును ఈ లోహమును కీలకఖనిజముల పట్టికలందు చేర్చుకొన్నవి. మన కేంద్రప్రభుత్వము 2023లో ప్రకటించిన ముప్పది కీలకఖనిజముల పట్టికయందు టైటానియము, జిర్కోనియము, హాఫ్నియము కలవు, మెగ్నీషియము లేదు. ఈ మూడులోహములను క్లోరైడునుండి విడదీయుటకు క్రోల్ పద్ధతియందు వాడునది మెగ్నీషియమే. హైదరాబాదు న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్సులో జిర్కోనియమునకును, అక్కడి రక్షణ లోహపరిశోధనశాల విజ్ఞానముతో కేరళలో చవరవద్ద వెలసిన కర్మాగారమున టైటానియమునకును ఇదే ఆధారము. ఫలమును పట్టికలో చేర్చి, దానిని తెచ్చు సాధనమును విడిచిపెట్టుట సరిదిద్దవలసిన లోపమని చెప్పక తప్పదు.

లోహము వద్దు, లవణము చాలునను పక్షము

ఈ మూడవపక్షము తక్కువగా వినబడును. కాని మన సీమకు ఎక్కువగా పనికివచ్చునది ఇదియే. మెగ్నీషియము క్లోరైడు, హైడ్రాక్సైడు, ఆక్సైడు, సల్ఫేటులకు స్వతంత్రమైన విపణి కలదు: కొలుముల ఇటుకలు, ఎరువులు, మురుగునీటి శుద్ధి, ఔషధములు. వాటికి నిర్జలమైన క్లోరైడు అక్కరలేదు. చిక్కని ద్రావణమో, రేకులో చాలును. బోరాన్ బెడదయు చాలవరకు ఉండదు.

కొల్లేటిసీమయందలి రొయ్యలచెరువులే ఇందుకు దగ్గరి నిదర్శనము. 2009లో వనామి రొయ్య ప్రవేశించిన పిమ్మట, కైకలూరు, ఆకివీడు, భీమవరం చుట్టుపట్ల ఉప్పుబోర్ల తేలికనీటిలోను ఆ సాగు వ్యాపించెను. అట్టి నీటియందు మెగ్నీషియము, పొటాషియములు చాలనిచో రొయ్య గుల్లవిడిచి మరల గట్టిపడుట కుంటుపడును. అందుచే రైతులు "మినరల్స్" పేరిట మెగ్నీషియము లవణములను బస్తాలకొలది కొని చెరువులలో చల్లుచున్నారు. తీరమున వృథాగా విడువబడు వస్తువును, నాలుగామడల లోపలనున్న రైతు దూరదేశమునుండి తెప్పించుకొను ఈ వింతను సరిదిద్దుటకు విద్యుద్ఘటము అక్కరలేదు. దీనిని చిన్నపనియని చులకనచేయు సముద్రపక్షపువారితో నేను ఏకీభవింపజాలను. చేదునీటిని సేకరించుట, నిలువచేయుట, శుద్ధిచేయుట అను విద్యలు అలవడకుండ లోహమునకు ఎగబ్రాకిన చోట్ల మొదటిమెట్టే చివరిమెట్టగుచున్నది.

అయితే ఈ పక్షమునకు పరిమితి కలదు. లవణముల విపణి నిండినపిమ్మట ఏమి? దేశమునకు కావలసిన లోహము ఎక్కడనుండి వచ్చును? దీనికి వారియొద్ద సమాధానము లేదు.

క్లోరిన్ ఎక్కడికి పోవలెను?

టన్ను మెగ్నీషియముతోబాటు దాదాపు మూడుటన్నుల క్లోరిన్ వెలువడును. పదివేల టన్నుల కర్మాగారమునకు అది ఏటికి ముప్పదివేల టన్నులకు చేరువయగును. ఫ్రీపోర్టు పద్ధతియందు ఇది తిరిగి ఆమ్లమై పనికివచ్చును. చేదునీటినుండి నేరుగా క్లోరైడును తీయునపుడు మాత్రము ఇది మిగులు. పూర్వవ్యాసకర్తలు పలువురు ఈ మిగులును ఆదాయముగా లెక్కకట్టిరి. ఆ లెక్క నేడు చెల్లదు. మనదేశమున కాస్టిక్ సోడాకున్న గిరాకి దానితోబాటు పుట్టు క్లోరిన్‌కు లేక, కొన్నివేళల ఎదురుసొమ్మిచ్చి క్లోరిన్‌ను వదిలించుకొనవలసిన పరిస్థితి కాస్టిక్ ఉత్పత్తిదారులకే కలుగుచున్నది. 1947లో తణుకున స్థాపితమైన ఆంధ్రా షుగర్స్ సంస్థ కొవ్వూరు, సగ్గొండల కర్మాగారములలో క్లోరిన్‌ను ఇతర రసాయనములుగా మార్చుకొనుచు, గోదావరిసీమయందు ఆ ప్రమాదకరవాయువును అదుపులో నుంచుకొను నైపుణ్యమును పెంపొందించినది. నైపుణ్యము ఇక్కడ కలదనుట నిజము. మరియొక ముప్పదివేల టన్నులకు చోటు కలదనుట వేరు.

టైటానియము కర్మాగారమును ప్రక్కన నిలిపినచో క్లోరిన్ ఇల్మనైటను టైటానియపు ఖనిజమునకును, మెగ్నీషియము టైటానియమునకును పోవునని, శ్రీకాకుళము భీమిలి తీరముల ఇసుకలను చూపి చెప్పువారు కలరు. యోచన గొప్పదే. కాని క్రోల్ పద్ధతియందు వాడిన మెగ్నీషియము క్లోరైడుగా మారి మరల ఘటమునకే తిరిగివచ్చును. క్రొత్తగా కావలసినది నష్టపడినంత మాత్రమే. కనుక టైటానియము మంచి పొరుగేగాని, పెద్ద కొనుగోలుదారు కాజాలదు.

కొల్లేరును ఎక్కడ నిలుపుదుము?

ఇంతవరకు చెప్పినదంతయు తీరమునకును, మెట్టకును సంబంధించినది. లోతట్టు ఉప్పుబోర్ల నీటినుండియే మెగ్నీషియమును తీయరాదా యను ప్రశ్నమును అపుడపుడు వినుచున్నాము. సముద్రజలములో మూడవవంతు లవణత గల బోరునీటియందు మెగ్నీషియము ఘనమీటరునకు అరకిలోకు లోపే. ఒక టన్ను లోహమునకు రెండువేల ఘనమీటర్లకు పైగా తోడి, అంతయు ఎక్కడనో విడువవలెను. విడుచుటకున్న దారి ఉప్పుటేరు ఒక్కటియే. బుడమేరు, తమ్మిలేరు మున్నగువాని నీరంతయు చేరు కొల్లేటికి సముద్రమువైపు వాకిలి అదొక్కటే. వేసవిలో పోటునీరు ఎదురెక్కుచు సరస్సును ఇప్పటికే ఉప్పగిల్లజేయుచున్నది. 5 అడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు 1999లో అభయారణ్యమాయెను. 2002లో సరస్సు రామ్‌సర్ చిత్తడినేలల పట్టికయందు చేరెను. 2006లో ఎంతో క్షోభతో సరస్సునందలి చేపలచెరువుల గట్లు తొలగింపబడెను. ఇన్ని త్యాగములు చేయించిన సరస్సు చెంతకు లవణపరిశ్రమను తెచ్చుట ఏ న్యాయమునకును ఒప్పదు.

సరస్సు ప్రక్క మెగ్నీషియము కర్మాగారమునకు లోకమున ఒక నిదర్శనము కలదు. యూటాలో మహాలవణసరస్సు ఒడ్డున 1972లో ఆరంభమైన కర్మాగారము చిరకాలము అమెరికాకు ప్రధానాధారమై నిలిచినది. క్లోరిన్ వెలువరించుటయందు అది దేశమున అగ్రస్థానమున నిలిచిన సంవత్సరములును కలవు. 2009లో దాని ఆవరణము కలుషితస్థలముల జాతీయజాబితాకెక్కినది. 1980లలో సరస్సు పొంగి ఆరుబయలు మళ్ళను ముంచినది. ఇటీవల సరస్సు క్షీణించి నీరు అందక ఇబ్బంది పెట్టినది. యంత్రవైఫల్యము వలన 2021 తరువాత ఉత్పత్తి కుంటుపడి, 2025లో సంస్థ దివాలా రక్షణను కోరెను. అది మనుష్యసంచారము తక్కువగానున్న ఎడారియందలి ఉప్పుసరస్సు. కొల్లేరు లంకగ్రామములతో, వలసపక్షులతో నిండిన మంచినీటి సరస్సు.

తేలినవి, తేలనివి

ఇన్నిపక్షములను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో కొన్నివిషయములు తేటపడుచున్నవి. ముడిపదార్థపు సమృద్ధిని గురించి సముద్రపక్షపు వాదము నిజమే, కాని నిర్ణాయకము కాదు. తక్కువ పెట్టుబడి, సరళత అను విషయములందు శిలాపక్షము గెలుచుచున్నది. పొగయందును శ్రమయందును ఓడుచున్నది. లవణపక్షము నేడే ఆరంభింపదగిన పనిని చూపుచున్నది. గమ్యమును చూపుట లేదు. కొల్లేటి పరివాహమున ఏ రూపమునను ఈ పరిశ్రమ తగదన్నది మాత్రము నిస్సంశయము.

తేలనివి మూడు. తేమగాలి గల తీరమున చేదునీటిని చివరివరకు ఆరబెట్టుటకు, ఇతర పరిశ్రమల వ్యర్థోష్ణమును వాడినచో, నిజమైన ఖర్చెంత? ఏటికి ఎన్నివేల టన్నులవద్ద కర్మాగారము తనకాళ్ళపై నిలుచును? దిగుమతులపై రక్షణసుంకమును విధించినచో, ఆ భారము అల్యూమినియము మిశ్రమములను వాడు చిన్నపరిశ్రమలపై ఎంతపడును? మొదటి రెండును శాస్త్రజ్ఞులు తేల్చదగినవి. మూడవది ప్రభుత్వము తేల్చవలసినది.

నా నిర్ణయమిది: మొదట బందరు, పెనుగుదురు, చినగంజాము ఉప్పుమళ్ళవద్ద చేదునీటిని సేకరించి రొయ్యలచెరువులకును, ఎరువులకును పనికివచ్చు లవణములను చేయవలెను, ఆ అనుభవమున పిమ్మటనే, క్లోరిన్‌ను వాడుకొను పరిశ్రమ ప్రక్కన, ఆగని విద్యుత్తు దొరకుచోట, లోహమునకు ప్రయోగశాలకు మించిన నమూనా కర్మాగారమును నిలుపవలెను, కేంద్రము కీలకఖనిజముల పట్టికయందు మెగ్నీషియమును చేర్చవలెను. ఇవన్నియు ఒక చిన్నపనితో ఆరంభము కావలసియున్నవి. తాడేపల్లిగూడెమున 2015లో వెలసిన జాతీయ సాంకేతికవిద్యాసంస్థయందు లోహశాస్త్రశాఖ కలదు. ఆ శాఖవారును, ఉప్పురైతుల సంఘములును కలిసి, నౌపడనుండి ఇస్కపల్లివరకు ప్రతి ఉప్పుక్షేత్రపు చేదునీటియందు మెగ్నీషియము, సల్ఫేటు, పొటాషియము, బోరాన్‌ల పాళ్ళను జనవరినుండి జూనువరకు నెలనెలా కొలిచి, ఆ పట్టికను తెలుగున అందరికి అందుబాటులో ప్రకటింపవలెనని కోరుచున్నాను.